ఖాళీ గడి

శుక్రవారం పొద్దుగాల, నిజ్వా సూకుల
మేకల వేలం అయిపొయినంక
మా టైపింగు కొట్టుకు ఇద్దరు మనుషులు, ఒక తుపాకి వచ్చినయ్.
గోనెల చుట్టలేదు, కంబళి కింద దాచలేదు.
పసిపిల్లను దవాఖానకు తెచ్చినట్టు
రెండు చేతుల మీద పండవెట్టి తెచ్చిండు ఖల్ఫాన్ ముసలాయన.
కొనేటాయన ముహన్నా, ఒకే ఫలజ్ కాలువ కింది రైతు,
నడుముకు వెండి ఖంజరు, కండ్లకు చలువద్దాలు.

నేను కాగితం తెరిచిన.
అమ్మేటాయన పేరు, తండ్రి పేరు, తాత పేరు.
కొనేటాయనకు లైసెన్సు ఉన్నదా? ఉన్నది.
జైలుకు పోలేదని ఠాణా ముద్ర.
మతి సక్కగున్నదని డాక్టరు సంతకం.
"వాని మతి నాకెరుక," నవ్విండు ఖల్ఫాన్,
"నలభై ఏండ్ల సంది నీళ్ల వంతు కాడ కొట్లాడుతున్నం."
ఆ మాట రాసేతందుకు గడి లేదు.

తూటాలకు వేరే కాగితం.
ఆదివారం ఇద్దరూ ఠాణాల ఎదురెదురు నిలబడాలె,
అందాక పైసలు చేతులు మారొద్దు, తుపాకి మారొద్దు.
నన్ను ఒక కఫీల్ నుంచి ఇంకో కఫీల్‌కు మార్చిననాడు
ఒక్కటే కాగితం.
నేనక్కడ లేను, సోహార్ల సిమెంటు మోస్తున్న.

ఇగ నంబరు.
గొట్టం మొదట్ల, నూరేండ్ల నూనెల నాని అరిగిపొయిన అంకెలు.
ముసలాయన కండ్లకు ఆనలేదు.
ముహన్నా అద్దాలు తీసి మూడన్నడు, కాదు ఎనిమిదన్నడు.
నేను చాక్‌పీసు రుద్ది ఉఫ్ అని ఊదిన.
తెల్లగ లేచి కూసున్నయ్ ఐదు అంకెలు.

మా ఊర్ల తుపాకి చేతులు మారింది ఒక్కసారే.
దొర గడిల గోడకు ఉండేది,
పక్కనే పటం కట్టిన లైసెన్సు, దేవుని ఫోటో లెక్క.
వానాకాలం ఒక రాత్రి అన్నలొచ్చి తీస్కపొయిండ్రు.
అమ్మినోడు లేడు, కొన్నోడు లేడు,
సాక్షి మాత్రం ఉన్నడు: మా నాయిన, గడి ఊడ్చేటోడు.
తెల్లారి స్టేషనుల కూసోవెట్టి అడిగిండ్రు,
దాని నంబరెంతరా?
ఇరవై ఏండ్లు గుడ్డతోని తుడిచిండు ఆ నంబరును.
సదువు రాదు.
నేల మీద వేలితోని గీసి చూపెట్టిండట,
ఒక నిలువు గీత, ఒక వంకర, ఒక సున్న, మల్లొక వంకర.
నాలుగు రోజులకు ఇల్లు చేరిండు.
ఆ వేలు మల్ల వంగలె.

అందుకే మూడుసార్లు సరిచూస్తున్న.
"ఓ హిందీ, ఇది పెండ్లిళ్లల్ల ఆడించే తుపాకి,
దీని నంబరు ఎవడడుగుతడు?" అన్నడు ముహన్నా.
అడుగుతరు సాబ్.
అమ్మినోన్ని కాదు, కొన్నోన్ని కాదు,
నడిమిట్ల నిలబడ్డోన్ని అడుగుతరు.
అరబ్బీల ఇంత పొడుగు మాట నాకు రాదు.
"నంబరు ముఖ్యం" అని ఊకున్న.

ఆఖరి గడి: అమ్ముటకు కారణం.
ఖల్ఫాన్ ఏమీ చెప్పలె.
బోల్టు గుంజి పక్కన పెట్టిండు,
ఖాళీ గొట్టాన్ని కిటికి దిక్కు లేపి తను చూసి
నన్ను చూడుమన్నడు.
ఆ కొసన కోట బురుజు ముక్క, రూపాయి బిళ్లంత మొగులు.
"పండుగ నెలవంకను మా నాయిన
దీంట్లకెళ్లే చూపెట్టిండు" అన్నడు.
కారణం అదేనా అని అడగలె.

ఖాళీ గడి ఉంటె ఠాణా వాపసు పంపుతది.
అడ్డగీత కొట్టాలె.
మా ఊరి గడి ఖాళీ అయ్యి ముప్పై ఏండ్లాయె,
దాని మీద ఎవ్వరూ గీత కొట్టలె,
గబ్బిలాలు మాత్రం తిరుగుతున్నయట.
ఇక్కడ కొట్టిన.
రెండు రియాళ్లు తీస్కోని రసీదు ఇచ్చిన.

పగటీలి బువ్వ కలుపుతుంటె
చూపుడు వేలుకు తుపాకి నూనె వాసన.
లేచి సబ్బు పెట్టిన.
మల్ల పెట్టిన.